తవ్వెడు యవలు

(ఉరుక్ పట్నం. యూఫ్రటీస్‌ను అక్కడివాళ్ళు బురనున అనేవారు.)

ముందు మట్టి పిసకాలి.
ఊక కలపాలి, కాస్త ముతకగా.
నేలలో తవ్విన గుంటలో ముద్ద పెట్టి
పిడికిలితో ఒక్క గుద్దు.
అంచును అరచేతి మడమతో ఏటవాలుగా దువ్వితే
అంతే, గిన్నె.
అందం అడక్కండి.
పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా రెండు వందలు చేసే చేతికి
అందం గుర్తుండదు.

మా అమ్మమ్మ గిన్నెలకు పేర్లుండేవి.
జింకల గిన్నె, నత్తచారల గిన్నె,
పెద్దోడు పగలగొట్టి తన్నులు తిన్న గిన్నె.
అప్పుడు రెల్లు గుడిసెలు నాలుగైదు,
బురదలో కావలసినన్ని చేపలు,
బురనున ఎటు పొర్లితే అటు మూటకట్టుకునే ఊరు.
అలిగిన అత్తగారి వెంట కోడళ్ళలా
దాని వెనకే నడిచేవాళ్ళట.

తర్వాత ఎవడో, పేరు ఎవరికీ తెలీదు,
గట్టుకు గండి కొట్టి
నీళ్ళను తన చేలోకి పిలిచాడు.
వచ్చాయి.
వచ్చిన నీళ్ళకు కాలువ కావలసి వచ్చింది,
కాలువ పూడిక తీయడానికి మనుషులు,
మనుషులకు తిండి,
ఆ తిండి కొలవడానికి
నా పిడికిలి.

మా నదికి వేళాపాళా లేదు.
విత్తనాల వేళ మొహం చాటేస్తుంది.
కంకులు పండి వంగిన నెలలో
ఎక్కడో కొండల మీద మంచు కరిగిందని
పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి పడుతుంది.
అందుకే గట్లు.
అందుకే ఏటేటా పూడికతీత.
అందుకే షెష్కి.

పద్నాలుగేళ్ళు వాడికి.
పెద్ద కాలువ మూడో మలుపు దగ్గర
గంపతో బురద మోసేవాడు.
సాయంత్రం వరసలో నిలబడి
నేను చేసిన గిన్నెతోనే కూలి కొలిపించుకునేవాడు,
తవ్వెడు యవలు.
"అమ్మా, ఇవాళ నీ చెయ్యి చిక్కిపోయింది,
నాలుగు గింజలు తక్కువొచ్చాయి" అని ఏడిపించేవాడు.

గుడి కొట్టు గుమ్మంలో దుదు కూర్చుంటాడు.
తడి మట్టిబిళ్ళ, రెల్లుపుల్ల.
ఒకనాడు తొంగిచూశాను.
ఒక తల గీశాడు,
దాని నోటి ముందు ఏటవాలు అంచున్న గిన్నె.
"ఏమిటది?"
"తినడం."
నవ్వొచ్చింది. అది నా గిన్నే,
చీకట్లో తడిమినా గుర్తుపడతాను.
మరి ఆ తల ఎవరిది అంటే
"ఎవరిదైతేనేం" అన్నాడు
చిటికెన వేలితో చెవి గోక్కుంటూ.

గట్టు కూలిన రాత్రి నేను అక్కడ లేను.
ముగ్గురిని బురదలోంచి లాగారు.
నాలుగోవాణ్ణి లాగలేకపోయారు.
నాలుగోవాడు మావాడు.

తెల్లారి దుదు దగ్గరికి వెళ్ళాను.
మూడో మలుపు మనుషుల బిళ్ళ చూపించమన్నాను.
నిన్నటిది నాలుగు గుండ్రాలు,
గుండ్రానికి పదిమంది.
ఇవాళ్టిది మూడు గుండ్రాలు, పక్కన ఆరు గీతలు.
నాకు లెక్కలు రావు.
గుర్తులు మాత్రం వేళ్ళతో పోల్చుకున్నాను.
నిన్న నాలుగున్నాయి, ఇవాళ తొమ్మిది.
మనుషులు తగ్గితే
గుర్తులు పెరుగుతాయా దుదూ?
వాడు తలెత్తలేదు.
పుల్ల కొన తుడుచుకున్నాడు.

పడవల మీద రాగి తెచ్చే కొండవాళ్ళు
మా పట్నం చూసి నోరు వెళ్ళబెడతారు.
ఇంత గోడా, ఇన్ని మెట్లా,
ఇంతమందికి రోజూ కూడు ఎలాగా అని.
కొట్టు వెనక్కి వెళితే తెలుస్తుంది.
తిని పారేసిన గిన్నెలు అక్కడ గుట్ట.
కడగరు, దాచరు,
కడగడం కంటే కొత్తది చేయించడం చవక.

మూడు రోజులుగా అక్కడే కూర్చుంటున్నాను.
వాడి చివరి కూలి గిన్నె
ఇందులోనే ఎక్కడో ఉండాలి.
ఒకటి తీసి పిడికిలి పెట్టి చూశాను.
సరిపోయింది.
ఇంకోటి.
సరిపోయింది.
దాని కిందిది, పక్కది,
అంచు విరిగినది కూడా.

పొద్దు వాలింది.
రేపటి మట్టి ఇంకా పిసకలేదు.