మూడు పూతలు

జయరత్నం గారు దాన్ని గోనెసంచిలో తెచ్చారు,
నర్సాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి,
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని రాజోలు దాకా.
ఫోర్ ఎయిటీ సిక్స్. కొన్నప్పుడు తెలుపే,
ఇప్పుడు బీడీ తాగేవాడి పళ్ళ రంగు.

"కాకినాడలో ఎవరో పాత మెషిన్లు దాచుకుంటాడట.
డిస్కుతో సహా కావాలన్నాడు,
తిరిగేటప్పుడు వచ్చే ఆ గరగర కూడా కావాలట.
సమ్మెట పెట్టి కొట్టడానికి లేదు.
లోపల మాత్రం ఏమీ ఉండకూడదు. ఏమీ."

నర్సాపురంలో షాపులు లేవా అని నేను అడగలేదు.
ఏటికి ఇవతలి వాళ్ళం
రక్తం ఇవ్వడానికి అవతలికి పోయేవాళ్ళం,
అక్కడైతే మనల్ని ఎరిగినవాడు ఉండడని.
ఆ ఏటినే ఇవాళ ఆయన ఎదురు దాటి వచ్చారు.

"పదకొండేళ్ళ రక్తం ఉంది బాబూ ఇందులో,"
అన్నారు వీధికేసి చూస్తూ.
కూర్చున్నదీ వీధి వైపు తిరిగే.
పంటు మీదా అంతే, నీళ్ళకేసి తిరిగి కూర్చుంటారు.
ల్యాబు మేష్టారికి పొగరని జనం అనుకుంటారు.

ఫ్లాపీ పెట్టాను. నల్లటి తెర మీద
తెల్లటి గీత రెప్పలార్చింది.
"డిలీట్ కొడితే పోదా?"
పోదండి. అది గుమ్మం మీద పేరుపలక పీకడం.
ఇంట్లోవాళ్ళు ఇంట్లోనే ఉంటారు,
తలుపు తడితే పలుకుతారు.

మొదలెట్టే ముందు జాబితా అడిగాను, అలవాటు కొద్దీ.
పేరుకి ఎనిమిది అక్షరాలే పట్టే రోజులవి.
ఎనిమిదిలో పట్టినంత మనిషి, వెనకాల తేదీ.
"చూడకు," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.

చూశాను.
భుజంగ దగ్గర తెగిన పేరు ఒకటి.
రావుకి చోటు చాల్లేదు.
భుజంగరావు గారు మా లెక్కల మేష్టారు.
స్పిరిటు వాసన గదిలో, నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు,
పేరు చెప్పమంటే నోటికొచ్చిన పేరు.

ఎంటర్ నొక్కాను.

మొదటి పూత సున్నాలు.
మా నాన్నదైతే సున్నం.
బడికి, పంచాయతీ ఆఫీసుకి,
ఎలక్షన్లయ్యాక ఊళ్ళో గోడలన్నిటికీ ఆయనదే కుంచె.
ఒక్క పూతకి గుర్తు చావదురా, అనేవాడు.
ఆరిందాకా బానే ఉంటుంది,
తొలి వానకి లోపలిది నీలంగా పైకి తేలుతుంది.

రెండో పూత అన్నీ ఒకట్లు.
అరవై ఒకటో వంతు దగ్గర కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది. డిస్కు సన్నగా మూలిగి ఆగింది.
"ఎవరి దగ్గర ఆగిందో," అన్నారాయన.
తెలీదండి, అన్నాను.

ఉక్కపోతలో, అడక్కుండానే చెప్పారు:
"ఒకమ్మాయి మూడుసార్లు వచ్చింది, మూడు పేర్లతో.
మూడుసార్లూ అదే నరం.
పేరు మార్చుకుంటారు గానీ నరం మార్చుకోలేరుగా.
సూది పెట్టేవాడికి మొహంతో పనేముంది."
నా ఎడమ మోచేయి
నాకు తెలీకుండానే బల్ల కిందికి పోయింది.

కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి నించి.
మూడో పూతకి అర్థం లేదు,
ఏదొస్తే అది, ఎలా వస్తే అలా,
ఏ ఊరి చేను కోసుకొచ్చిందో చెప్పలేని
వరద ఒండ్రు లంకంతా పరుచుకున్నట్టు.
సాయంత్రం అయిదు దాటింది.
చివర్న చదివించి చూశాను. చదవడానికేం దొరకలేదు దానికి.
"ఇంకోసారి," అన్నారు. ఇంకోసారి చూశాను.

అప్పుడు కుర్చీ ఇటు తిప్పారు.
పొద్దుణ్ణించీ మొదటిసారి నా మొహం చూశారు,
తాపీగా, మసక గోడ మీద రాత చదువుతున్నట్టు.

"ఒళ్ళు చేశావు," అన్నారు.
"మంచిది."

గోనెసంచి దులిపి, మెషిను అందులోకి దింపి,
ఆఖరి పంటు ఎన్నింటికని అడిగారు.