లాగి చూడు

పింబా దాటాక ఎక్కడో ఫ్రిజ్ ఆగిపోయింది.
నాకు తెలియలేదు.
ఆ ఎర్రమట్టి గతుకుల మీద కారులో అన్నీ మోగుతూనే ఉంటాయి,
ఒకటి మోగడం మానేస్తే ఎలా వినపడుతుంది?

నలభై మూడు డిగ్రీలు.
దొడ్లో మూడొందల గొర్రెలు, పట్టుకోవడానికి నలుగురు మనుషులు.
మూత తీస్తే
టీకా సీసాలు అప్పుడే కడిగిన టీ గ్లాసుల్లా వెచ్చగా.
అమృతం విషమేమీ కాలేదు,
ఉత్త నీళ్లయింది, అంతే.
గొర్రెలాయన ఒక్క మాటా అనలేదు.
వెళ్లి గేటు తెరిచాడు.
అవి ఒకదాని వెనక ఒకటి నా మోకాళ్లను రాసుకుంటూ వెళ్లిపోయాయి,
డాక్టరమ్మ ఎవరో తమకు తెలియనట్టు.

సిగరెట్ ముట్టించుకోవడానికి పెట్టిన ఆ బొక్కలో
ప్లగ్గు ముక్కు కరిగి
లోపలి స్ప్రింగుని కరుచుకుని గడ్డకట్టింది.

పోర్ట్ అగస్టాలో, రైలు పట్టాల వెనక, లెఫ్టెరిస్ షెడ్డు.
దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
అడుగంటిన పప్పును వాసన చూసినట్టు.
"సిగరెట్ అంటే అర నిమిషం, వాకూలా.
నీ ఫ్రిజ్ పగలూ రాత్రీ లాగుతుంది.
ఓ మొన, ఓ స్ప్రింగు. తాకాయంటే తాకాయి.
గతుకు గతుక్కీ వదులు.
వదులైన చోటల్లా వేడి."

(వకుళ అని మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను.
అతని పేరునూ ఊళ్లో లెఫ్టీ చేసేశారు మరి,
అతనిది కుడిచేతి వాటం.)

బల్ల మీద రెండు బూడిదరంగు దిమ్మలు పెట్టాడు,
యాభై ఆంపియర్లవి.
ఏది మగది, ఏది ఆడది? అన్నాను, అలవాటుగా.
"రెండూ ఒకటే. ఒకదాన్ని బోర్లించు చాలు."
లోపల వెండిపూత నాలుకలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ టప్పున కూర్చున్నాయి.

పక్కన అచ్చం అలాంటిదే ఇంకో జత, సగం ధరకి.
కుండను వేలితో కొట్టి చూసి కొనే జాతి నాది.
కొట్టి చూశాను, ఏమీ తెలియలేదు.
అతను జేబులోంచి అయస్కాంతం తీసి నాలుక దగ్గర పెట్టాడు.
అతుక్కుంది.
రాగి అయితే అతుక్కోదు కదా,
చిన్నప్పుడు పుస్తకంలో చదివి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయిన సంగతి.

తీగ చుట్ట మీద ఆరు మిల్లీమీటర్లని ఉంది.
"తోలుతో సహా కొలిచి రాస్తారు," అన్నాడు,
"ఉన్ని కత్తిరించకుండా గొర్రెను తూచినట్టు."
ఇంతకంటే లావుది తీశాడు, నా బొటనవేలంత.

టంకం పెట్టవా?
"పెడితే తీగ కర్రవుతుంది. కర్ర విరుగుతుంది.
నొక్కు."
రెండు చేతుల పట్టకారు, నా బరువంతా దాని మీద.
"ఇంకా."
కిర్రుమంది.
"ఇప్పుడు లాగు. కోపంగా లాగు."
బల్లకు కాలు తన్ని పెట్టి లాగాను,
కరిగిన ప్లగ్గు మీద కోపం, తెరిచిన గేటు మీద కోపం,
బిల్లు ఎంతవుతుందోనన్న కోపం కూడా కాస్త.
ఊడలేదు.

బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు బిగిస్తూ
"తెగేదేదో ఇక్కడే తెగాలి" అన్నాడు,
అంతకుమించి వివరించలేదు.

మళ్లీ వెళ్లాను, మూడు వారాలకి.
పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా వెనక తలుపు తీసి
చేయి తిరగేసి ప్లగ్గు మీద ఆనించాను,
పిల్లల నుదుటి మీద ఆనించినట్టు.
జ్వరం లేదు.
లేదని మళ్లీ ఓసారి.

దొడ్డి దగ్గర గొర్రెలాయన ముందు ఫ్రిజ్ మూత తీయనివ్వలేదు.
వంగి, ఆ బూడిదరంగు దిమ్మల నుంచి వెనక్కి పోయే తీగను
పిడికిట పట్టి ఒక్క గుంజు గుంజాడు.
కారు కొంచెం ఊగింది.

నా వైపు చూడలేదు.
గేటు గొలుసు రెండో చుట్టు కూడా బిగించి
చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.