ఐదు తొమ్మిది ఏడు

ఎందుకెళ్లావు అంత దూరం, అని అందరూ అడిగారు.
మనవాళ్లెవరైనా ఉన్నారా అంటే లేరు.
మొక్కుబడా అంటే అదీ కాదు.
శంషాబాద్ నుంచి మలక్‌పేట దాకా
క్యాబ్ నడిపిన జహంగీర్ మాత్రం
"సురినామా? ఏ జిల్లా అమ్మా?" అన్నాడు.

నేను గౌలిగూడ ఎక్స్ఛేంజిలో
ఇరవై తొమ్మిదేళ్లు చెవికి నల్ల గిన్నె తగిలించుకుని కూర్చున్నదాన్ని.
జెడ్డా, దుబాయి, కువైటు...
ఈ ఊరి ఏడుపుల్లో సగం, పెళ్లి కబుర్లలో సగం
నా చెవిలోంచే సముద్రం దాటాయి.
దేశాల కోడ్‌లు ఎక్కాల్లా నోటికొచ్చు.
ఐదు తొమ్మిది ఏడు ఒక్కటే
ఎవరూ తొక్కని మెట్టులా ఉండేది పట్టికలో.

ఎనభై ఏడులో, రంజాన్ నెల, కరెంటు లేని మధ్యాహ్నం,
ముర్గీ చౌక్‌లో పిట్టలమ్మే వహీదుద్దీన్ సాబ్
కౌంటర్ మీద చీటీ పెట్టాడు:
పరమారిబో. మూడు నిమిషాలు.
"అది ఊరా, మిఠాయా?" అంది బొంబాయి ఆపరేటరు.
రెండు రోజులకి లైను దొరికింది.
కలిపాక వినకూడదు, రూలు.
విన్నాను.
"సునావ్" అన్నాడు సాబ్. అంతే.
అవతల ఒక పిట్ట.
గొంతు సవరించుకున్నట్టు ఆగి, మళ్లీ.
ఆ గరగరలో దాని కూత
సూదిలోకి దారం ఎక్కుతున్నట్టుంది.
పొడిగించమంటారా అని అడిగాను.
"నక్కో బీబీ, బస్."
చిన్న నోట్లన్నీ లెక్కపెట్టి కట్టాడు,
కొర్రల వాసన వేశాయి.
ఎవరిదా పిట్ట, ఎవరు వినిపించారు,
అడగలేదు. అడిగే ఉద్యోగం కాదు నాది.

చిట్టీ పాడి, మోకాళ్లకి పట్టీలు కట్టుకుని
అరవై ఎనిమిదో ఏట వెళ్లాను.
తెల్ల చెక్క ఇళ్లు, పచ్చ రెక్కల కిటికీలు.
పాలెక్కువైన ఛాయ్ రంగు నది.
బళ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి,
హారన్ మాత్రం కొట్టరు.
మొదటి రెండు రోజులు నాకు చెవుడొచ్చిందనుకున్నాను.
మసీదూ, యూదుల ప్రార్థనాలయమూ పక్కపక్కనే.
బండి మీద ఒకామె వేడివేడిగా తీస్తుంటే
"గారె" అన్నాను. "బారా" అంది.
గారె, బారా, గారె, బారా,
ఇద్దరం కాసేపు పట్టుబట్టాం.
ఆఖరికి నేనే ఇంకోటి కొన్నాను.
వాళ్ల ముత్తవ్వ కలకత్తాలో ఓడెక్కిందట.
ఇండియా ఎట్లా ఉంటుందని అడిగింది.
ఎండగా ఉంటుందన్నాను.
ఇక్కడా అంతే, అంది.

ఆదివారం పొద్దున్నే, ఏడింటికి,
గడ్డి మైదానంలోకి మగాళ్లు పంజరాలు తెచ్చారు,
ఆఫీసుకి టిఫిన్ డబ్బా తెచ్చినట్టు.
రెండు కర్రలు. రెండు పంజరాలు, ఎదురెదురుగా.
ఏ పిట్ట ఎన్నిసార్లు కూసిందో
పలక మీద సుద్దముక్కతో గీతలు.
ఎవరూ మాట్లాడరు.
పాత అలవాటున ఒంటి చెవి ముందుకు పెట్టి కూర్చున్నాను.
ప్రతి పిట్టా అదే అనిపించింది. ఏదీ అది కాదు.
ముప్ఫై ఎనిమిదేళ్లు ఏ పిట్టా బతకదు లెండి.

ఫోను తీసి మేరీ సువార్తకి కొట్టాను.
రాంనగర్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర,
పక్కింటి బోరు మోత.
"ఎవరూ? గట్టిగా మాట్లాడండి."
మాట్లాడలేదు నేను. ఫోను పంజరం వైపు పట్టాను.
ఆమె కూడా ఊరుకుంది.
బోరు ఎవరో ఆపేశారు, లేక అదే ఆగిందో.
ఎంతసేపయిందో చూసుకోలేదు.
వెనకటి గొంతుతో, డ్యూటీ గొంతుతో అడిగింది:
"మూడు నిమిషాలయ్యాయి. పొడిగించమంటారా?"

నిన్న ముర్గీ చౌక్ వెళ్లొచ్చాను.
సాబ్ దుకాణంలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.
పది రూపాయలకి ఒకటి బేరమాడి తెచ్చుకున్నాను, సైజు కుదరలేదు.
అబిడ్స్‌లో డబ్బు మార్చే కుర్రాడు
ఈ దేశం మా కంప్యూటర్లో లేదాంటీ అన్నాడు.
మిగిలిన నాణేల్లో ఒకటి నలుచదరంగా ఉంది.
వంటింటి బల్లకి ఒక కాలు కురచ,
దాని కింద పెట్టాను.
ఇప్పుడు ఊగడం లేదు.
కాస్త ఊగుతోంది.