పదకొండో సూది

ముప్పై ఒక్కేళ్ళు ఒతారు వాలువీధుల్లో
పియానోలు మోశాను.
మంచు మీద రెండువందల యాభై కిలోలు,
పైమెట్టు మీద తైచి, కిందిమెట్టు మీద నేను.
బరువెప్పుడూ కిందివాడిదే.

నడుము పట్టేసింది మాత్రం పియానో కింద కాదు,
జారిపడ్డ సబ్బుబిళ్ళ కోసం వంగినప్పుడు.

ఆసుపత్రిలో ఫిల్మ్ దీపానికి పెట్టి చూపించారు:
నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య
కుట్టు విడిన దిండులోంచి దూదిలా
డిస్కు కాస్త బయటికొచ్చి నరం మీద కూచుంది.
ఆ కాస్తకే
పిర్ర నుంచి పిక్క దాకా నిప్పుతీగ.
ఎడమ పాదం ఎవరిదో.

కవరు చంకన పెట్టుకుని
రేవు వెనక సందులో ఇసొనో గారి గదికి వెళ్ళాను.
ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు.
ఫిల్మ్ తడిమి
"చల్లగా ఉంది. ఇందులో మీరు లేరు" అని
స్టవ్ పక్కన పెట్టేసింది.
"బోర్లా పడుకోండి."

వేళ్ళు పూసపూసా లెక్కపెడుతూ దిగి
ఒకచోట ఆగాయి.
"కుడి భుజం మీద మోసేవారా?"
అవునన్నాను, దిండులోకి.

సన్నటి గొట్టం, అందులో వెంట్రుకంత సూది,
వేలికొసతో టక్.
మళ్ళీ టక్.
మేం దించి వెళ్ళాక శ్రుతి చేసే మనిషొచ్చి
ఒక్కో మెట్టూ ఇలాగే నొక్కి వింటాడట.
నేనెన్నడూ ఆగి చూడలేదు,
బయట లారీ హారన్ కొట్టేది.

నొప్పి నడుములో అంటే
మోకాలి వెనక గుచ్చుతారేమిటి?
"దొంగ ఇంట్లో ఉంటే
వీధి చివర కాపు కాయాలి" అంది.

ఇరవై నిమిషాలు. కెటిల్ గొణుగుతోంది.
సచికో పోయాక నా వీపు మీద
మనిషి చెయ్యి పడటం ఇదే మొదలని
అప్పుడు తట్టింది.
గొంతు సవరించుకున్నాను.

సూదులు తీసి పళ్ళెంలో లెక్కపెట్టింది.
పది. మళ్ళీ పది.
"పదకొండు వేశానే."
దుప్పటి దులిపాం, నేలంతా తడిమాం.
చివరికి ఆవిడ వేళ్ళకే దొరికింది,
నా ఎడమ పాదం మీద, బొటనవేలికి కాస్త వెనగ్గా,
నిటారుగా.
దాన్ని మోస్తూనే దాన్ని వెతికాను.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

వారానికి రెండుసార్లు వెళ్ళాను.
నొప్పి పోలేదు, జానెడు పైకి జరిగింది.
ఒకరోజు అసలు రాలేదు,
మర్నాడు వడ్డీతో వచ్చింది.
తొమ్మిదోసారి,
కాలవ గట్టున మంచు కరుగుతున్న వారం,
పాదం మీద టక్.
"అబ్బా!"
ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.
"ఏదీ, మళ్ళీ అనండి."

డిస్కులు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి,
కాలం గడవాలి అంతే, అన్నాడు డాక్టరు.
కావచ్చు. వాదించలేదు.
గుమ్మంలో కూచుని, నెమ్మదిగా వంగి,
ఎడమ బూటు తాడు నేనే కట్టుకుని వచ్చాను.

ఫిల్మ్ కవరు ఇంకా అక్కడే ఉంది,
నాలుగు మడతలుగా,
కెటిల్ కింద.