పోయినసారి మర్చిపోయినవి

వంటగది తలుపు వెనక మేకుకి
దారం కట్టి వేలాడదీసిన నోటుపుస్తకం ఒకటుంది.
అట్ట మీద నా చేతిరాత: పోయినసారి మర్చిపోయినవి.

మొదటి పేజీలో: అగ్గిపెట్టెలు.
ఉన్నాయి, తడిసి ఉన్నాయి.
రెండో పేజీలో: డబ్బా మూత కోసే కత్తి.
నలభై చిక్కుళ్ళ డబ్బాలు ముందేసుకుని
గొడ్డలి వైపు చూసిన రాత్రి అది.
మూడు: వత్తి. పీపా నిండా కిరసనాయిలు,
లాంతరుకి మూరెడు వత్తి లేదు.
మా ఆయన బనీను అంచు చించాను.
రెండు రోజులు మాట్లాడలేదు ఆయన, బనీను కొత్తదట.

సుపీరియర్ సరస్సుకి దక్షిణాన, ఈ ఒడ్డున,
పడుతూ పడుతూనే గడ్డకట్టే వాన ఒకటుంది.
బర్చి కొమ్మలు గాజు తొడుక్కుని వంగుతాయి,
వంగి వంగి, తుపాకీ పేలినట్టు విరుగుతాయి.
తర్వాత తీగలు.
తర్వాత స్తంభాలు, దారి పొడవునా మోకాళ్ళ మీద.
తర్వాత ఫ్రిజ్ నోరు మూసుకుంటుంది.
ఇన్నాళ్ళూ అది మాట్లాడుతూనే ఉందని
అప్పుడు తెలుస్తుంది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు.
నేను దీపం లేదనుకునే చక్కబెట్టాను.
చేతిపంపుకి ఏటా కొత్త తోలు వాషరు.
ఆవిరిగది పక్కన రెండేళ్ళు ఆరిన మేపుల్ కట్టెలు.
నేలమాళిగలో ఇసుకలో పడుకున్న క్యారెట్లు,
జాడీలో ఉప్పుచేప, బస్తాలో రై పిండి.
పాలకి రెండు మేకలు, ఒకటి బుద్ధిమంతురాలు.
కప్పు మీద సౌరపలక ఒకటే,
చలికాలపు మబ్బులో దాని సంపాదన అంతంతమాత్రం.
అది సాకాల్సినవి రెండు:
రేడియో, నా చెవిమిషను.

"యుద్ధమేమైనా వస్తోందా ఐలీ?"
కట్టెలు పేరుస్తుంటే కంచె మీంచి రేనో నవ్వేవాడు.
అతని ఇంట్లో అన్నీ మీటలే.
పొయ్యికి మీట, గోడలకి మీట, కాఫీకి మీట.
డెబ్భై అడుగులేస్తే అతని గుమ్మం.

ఈసారి కరెంటు పోయిన సాయంత్రం
పుస్తకం తీసి ఒక్కొక్కటే సరిచూసుకున్నాను.
వత్తి ఉంది. కత్తి ఉంది. అగ్గి పొడిగా ఉంది.
చార్జి ఆదా అవుతుందని
చెవిమిషను తీసి గూట్లో పెట్టాను.
రొట్టె కాల్చాను. మేకల్ని పితికాను.
గర్వపడ్డాను కూడా, ఎందుకు దాచాలి?

రేనో ఇంటికి పొగగొట్టం లేదు.
అందుకే పొగ రావడం లేదని
నాకు తోచలేదు.

నాలుగో రోజు, పాలు మిగిలిపోతే ఇద్దామని వెళ్ళాను.
తివాచీ చుట్టుకుని నేల మీదున్నాడు,
మెట్టు మీద జారి తుంటి కదిలిందట.
పొట్ట మీద కుక్క, చేతిలో గరిటె,
పక్కన సొట్టలు పడ్డ సత్తు గిన్నె.
"రెండు రాత్రులు కొట్టాను," అన్నాడు.

ఆ రెండు రాత్రులూ నేను పడుకున్నాను,
వెచ్చగా, నిశ్శబ్దంగా,
అన్నీ ఉన్న ఇంట్లో.

కాలివేళ్ళు రెండు పోయాయి అతనికి.
"ఎనిమిది చాల్లే, కాళ్ళతో పియానో వాయిస్తానా?"
అంటాడు అడిగినవాళ్ళందరితో.
నాతో మాత్రం అనడు.

పుస్తకంలో కొత్త పేజీ.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
చివరికి రాసింది ఒక్క మాట: రేనో.
వత్తి కిందా, కత్తి కిందా పేర్చినట్టు
మనిషి పేరు అక్కడ రాయడానికి
సిగ్గేసింది. రాశాను.

ఇప్పుడు అతని మంచానికీ నా కిటికీకీ మధ్య
చేపల వల తాడు కట్టాం.
రాత్రిళ్ళు దాని కొస నా మణికట్టుకి ముడి.
చెవి వినకపోయినా చెయ్యి వింటుంది.
నిన్న రెండింటికి లాగాడు.
బూట్లు తొడుక్కుని, లాంతరు పట్టుకుని, పడుతూ లేస్తూ వెళ్తే
నిద్ర పట్టలేదట, కాఫీ ఉందా అన్నాడు.

మంచు బరువుకి ఆ తాడూ తెగుతూంటుంది.
అప్పుడు తిట్టుకుంటూ
డెబ్భై అడుగులూ లెక్కపెట్టుకుంటూ వెళ్తాను.