వేగం సున్నా

గుణుపురం దాటాక
హ్యాండిలుకి బిగించిన జీపీఎస్
ఎడమకి తిరగమంది.
ఎడమన వంశధార ఇసక.
తెరమీద మాత్రం తారురోడ్డు, నిమ్మళంగా.

జీడితోటలో పిక్కలేరుతున్న సుంబారి
సైకిలు మీదికి వంగి
"ఇందల మా ఊరేదీ?" అంది.
బొత్తాం నొక్కి పెద్దది చేశాను, ఇంకా చేశాను.
ఒట్టి పచ్చరంగు.

మూతి విరిచి, గెడ్డంతో చూపించింది:
జీలుగుచెట్టు, కూలిన కల్వర్టు,
కుక్క మొరిగే ఇల్లు,
అక్కణ్ణించి ఎవర్నీ అడగక్కర్లేదట.

రాత్రి పర్లాకిమిడి లాడ్జిలో
కంప్యూటర్లోకి దించి చూశాను.
అరవై మూడు కిలోమీటర్ల ఎర్రదారం,
ఒక్కచోట చిక్కుముడి.
పదిహేడు నిమిషాలు. వేగం సున్నా.

ముడి మీద నొక్కితే
ఈ చోటి పేరేమిటని అడిగింది.
నేనే అడగలేదు!
"సుంబారి" అని కొట్టాను.
ఒప్పుకుంది.