ఒకటిన్నర

శుక్రవారం మ్యాట్నీకి బిజయా టాకీసులో
ఇరవై ముగ్గురం. లెక్కపెట్టాను, సమీక్షకుణ్ణి కదా.
మిగతా రోజుల్లో పర్లాకిమిడి కోర్టు వీధిలో
ఆధార్ కార్డులకి రెండువైపులా జెరాక్సు తీస్తాను.

కథ మా దాలమ్మత్త చెప్పేదే.
సవతితల్లి శాపానికి గుమ్మడికాయలో ఇరుక్కున్న పిల్ల
అర్ధరాత్రి బయటికొచ్చి, ఊరందరిళ్లలో ఎసరు పెట్టి, అన్నం వార్చి
కోడి కూసేలోపు మళ్లీ కాయలోకి దూరుతుంది.
సినిమాలో ఊరి బదులు కాలేజీ,
గుమ్మడికాయ బదులు పసుపు హెల్మెట్టు.
క్లాసులో తియ్యదు, క్యాంటీన్లోనూ తియ్యదు,
కిందనుంచి స్ట్రా దూర్చి నిమ్మసోడా తాగుతుంది.
రాకుమారుడు వాలీబాల్ కెప్టెన్.

హైదరాబాదు పత్రికలన్నీ ఒకే రేవులో ఉతికాయి:
తర్కం లేదు, ద్వితీయార్ధం సాగతీత,
పిల్లకాయల కుప్పిగంతులు.
నేనేం తక్కువ తిన్నానా?
టెక్కలి వారపత్రికకి నాలుగు పేరాలు, ఒకటిన్నర చుక్క,
చివర్న, నాకు నేనే చప్పట్లు కొట్టుకున్న వాక్యం:
"నాయిక నటన హెల్మెట్టు దాటి బయటికి రాలేదు."

సోమవారం మార్కుల షీటు నకలుకి లిప్సా వచ్చింది.
ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా.
"మీ అచ్చరాలూ మావాటిలాగే గుండ్రంగుంటాయి గానీ
నాతో పలకవు. ఆ సినిమా నాలుగుసార్లు సూసినాం.
ఏటి రాసినారో సదవండి."

చదివాను. మొదటి పేరా గట్టిగా,
రెండోది కాస్త గొంతు తగ్గించి.
సాగతీత దగ్గర నన్నాపింది.
"అక్కడే కదండీ, అది హెల్మెట్లో ఏడిస్తే
అద్దం మీద ఆవిరి పట్టినాది!
అయిదుగురమూ ఒకేపాలి నవ్వినాం,
ఒకేపాలి ఆగిపోయినాం."

నేనా ఆవిరి చూళ్లేదు.
చీకట్లో తలొంచుకుని నోట్సు రాసుకుంటున్నాను.

ఇక చివరి వాక్యం.
మిషను వేడెక్కిందని లేచి స్విచ్చి ఆపాను.
"అంతేనా? ఎన్ని చుక్కలిచ్చినారు?"
"మూడు."
"మూడేనా!" అంది.
చున్నీ ముఖానికి రెండు చుట్లు చుట్టి
కళ్లు మాత్రం బయట ఉంచి స్కూటీ ఎక్కింది.

రాత్రి అత్తకి సినిమా అంతా చెప్పాను.
ఓపిగ్గా విని, "మరి అన్నం ఎవులు వార్చినారు?" అంది.
సినిమాలో వంట లేదత్తా.
"అయితే అది దేనికి బయటికొత్తాదిరా?"

ఏ పత్రికా అడగలేదు ఈ మాట.
జవాబు కోసం తడుముకుంటూ చూద్దును కదా,
ఎండిన గుమ్మడి వడియాలు
నా నాలుగు పేరాల్లోనే పొట్లం కడుతోంది.